ఫీటంటే ఏ ఫీటు? అడిగినంకనే పనిల దిగుండ్రి

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు తెల్లారకముందే పోయి చూడుండ్రి. లారీలు, ఆటో ట్రాలీలు వరుసగ నిలవడి ఉంటయి. ఒక హమాలీ తమ్ముడు బజ్జీ మిర్చి సంచి ఇప్పి, అండ్లకెల్లి జానెడు కాయ తీసి, "అబ్బ, ఎంత పొడుగున్నది!" అంటడు. నాలుగడుగులు అవుతలికి జరిగి మునక్కాయ కట్టల కాడ సుత జానెడు కాయే పట్టుకుంటడు. "గిదేందన్నా, ఇంత పొట్టిది తెచ్చినవ్?" అంటడు. రెండు కాయలను పక్కపక్కకు పెట్టి కొలిస్తే ఒక్కతీరే వస్తయి. మరి ఒకటి పొడుగెట్లయింది, ఇంకోటి పొట్టిదెట్లయింది?

ఆ తమ్ముడు అబద్ధమాడలే. మిర్చిని తోటి మిర్చీలతోని చూసిండు, మునక్కాయను తోటి మునక్కాయలతోని చూసిండు. మనమందరం గట్లనే మాట్లాడుతం. పొడుగు, పొట్టి, ఎత్తు, లోతు అనేటి మాటలు పక్కన ఇంకోటేదన్న ఉంటెనే నిలవడ్తయి. ఆ ఇంకోటేందో మనం నోటితోని చెప్పం, ఎదుటోనికి ఎరుకే ఉంటదనుకుంటం. చానాసార్లు ఎరుకే ఉంటది సుత. లేనప్పుడే తిప్పలు. పైసలు వోతయి, నౌకర్లు వోతయి, ఒక్కోసారి పానం మీదికొస్తది.

నాకైతే పైసలు వోయినయి. ఆ ముచ్చట మొదలు చెప్త.

నా 3,600 రూపాయలు

మాది రామాయంపేట దిక్కు ఊరు. పన్నెండేండ్ల కింద టైల్స్ పని నేర్చుకోని బోయిన్‌పల్లిల రూం తీసుకున్న. అప్పటిదాంక వేరే మేస్త్రి కింద రోజు కూలికి చేసినోన్ని, సొంతంగ గుత్తకు పట్టుడు అదే మొదటిసారి. కొత్త ఇల్లు, రెండంతస్తులు. పని ఇచ్చిన గుత్తదారు, "ఫ్లోరింగ్‌కు, స్కర్టింగ్‌కు ఒక్కటే రేటు, ఫీటుకు 12 రూపాయలు" అన్నడు. నేను తలూపిన.

స్కర్టింగ్ అంటే గోడ కింద అంచు పొంటి పట్టీ లెక్క అతికిచ్చే టైల్. నాలుగు అంగుళాల ఎత్తుంటది. అన్ని రూములు, హాలు, మెట్ల పక్కపొంటి కలిపి 450 ఫీట్లు వచ్చింది. 450 ఫీట్లు, ఫీటుకు 12 రూపాయలు, మొత్తం 5,400 అని రాత్రే లెక్క వేసుకున్న. ఇంటికి ఎంత పంపాలె, రూం కిరాయి ఎంత కట్టాలె, అంత అనుకున్న.

బిల్లు కాడ గుత్తదారు సెల్‌ఫోన్ తీసి లెక్కగట్టిండు. "450 ఫీట్ల పొడుగు, నాలుగంగుళాల ఎత్తు. నాలుగంగుళాలంటే ఫీట్‌ల మూడో వంతు. అంటే 150 ఫీట్లు. 150 పన్నెండ్లు 1,800" అన్నడు.

నాకు నోట మాట రాలే. "అన్నా, టేపు వెట్టి నువ్వే కొలిచినవ్ గదా, 450 వచ్చింది గదా" అన్న. "నేను చెప్పింది స్క్వేర్ ఫీటు. ఫీటన్న. ఏ ఫీటో నువ్వడగలే" అన్నడు.

రెండు లెక్కలు కరెక్టే, ఇదే అండ్ల తమాషా. టేపు తప్పు చూపలే, ఫోన్ తప్పు చెయ్యలే. నా మతిల ఉన్నది పొడుగు ఫీటు, అంటే రన్నింగ్ ఫీటు. ఆయన మతిల ఉన్నది స్క్వేర్ ఫీటు. స్కర్టింగ్‌ను రన్నింగ్ ఫీట్‌లనే కట్టిస్తరు మేస్త్రిలు. ఎందుకంటే సన్న పట్టీలు కోసుడు, మూలల కాడ అతుకులు కలుపుడు, గోడ వంకర దిద్దుడు, ఇవన్నీ ఫ్లోరింగ్ కన్న ఎక్కువ పని. ఆయనకు ఆ సంగతి ఎరుకే. నాకే ఎరుకలేక నోరు మూసుకోని వచ్చిన. నేను, నా తోటి పిలగాడు నాలుగు రోజులు వంగి చేసిన పనిల 3,600 రూపాయలు గట్ల పోయినయి.

ఆనాటికెల్లి నాకొక అలవాటైంది. ఎవలన్న పొడుగు, ఎత్తు, ఫీట్లు, గజాలు అని అంకె చెప్తే మూడు ప్రశ్నలు అడుగుత. దేని పక్కకు పెట్టి చెప్తున్నవ్? ఎక్కడికెల్లి కొలిచినవ్? ఏ లెక్కన కొలిచినవ్? ఈ మూడు అడిగితే టైల్స్ బిల్లే కాదు, పేపర్ల వచ్చే వార్తలు సుత వేరే తీరు కనవడ్తయి.

నిలవడ్తె ఎత్తు, పండుకుంటె పొడుగు

ముందుగాల మన మాటలనే చూద్దాం. తాటిచెట్టు నిలవడి ఉంటె "ఎంత ఎత్తున్నది" అంటం. దాన్ని కొట్టి దూలం జేస్తే "ఎంత పొడుగున్నది" అంటం. అదే దూలాన్ని బాయిల నిలువుగ దించితే ఎంత లోతుకు పోయిందని చూస్తం. మొద్దు మారలే, అది ఉన్న తీరు మారింది, మనం చూసే దిక్కు మారింది. దాంతోని మాట మారింది.

మనిషి కాడికొస్తె ఇంకో తీరు. నిలవడ్డ మనిషిని సుత "పొడుగు మనిషి" అంటం. గుట్టకు గట్ల నడవదు. "ఎత్తు గుట్ట" అంటె మీదికి లేసింది. "పొడుగు గుట్ట" అంటె ఊర్ల పొంటి పామోలె సాగింది అనే అర్థమొస్తది. ప్లాట్లు అమ్మేటోళ్లు "రోడ్డు మీద 40 ఫీట్లు, లోతు 60 ఫీట్లు" అంటరు. ఆ లోతు భూమిలకు కాదు, రోడ్డుకెల్లి లోపటికి. మా అవ్వ బాయిని "రెండు నిలువుల లోతు" అని చెప్పేది. మనిషి నిలవడితే ఎంతనో అది ఒక నిలువు. మీదికి కొలిచే మనిషినే కిందికి కొలిచే కొలబద్ద చేసుకున్నరు మనోళ్లు.

అన్నిటికన్న ఇచ్చంత్రం మేడారంల ఉన్నది. రెండేండ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరల "నిలువెత్తు బంగారం" మొక్కు చెల్లిస్తం. బంగారమంటె బెల్లమని అందరికీ ఎరుకే. ఆ బెల్లాన్ని మనిషి పక్కన నిలవెట్టి పొడుగు సూడం, తక్కెడల మనిషిని కూసోవెట్టి జోకుతం. అక్కడ "ఎత్తు" అంటె బరువు. ఊరికి కొత్తగ వచ్చినోనికి "అయిదున్నర ఫీట్ల ఎత్తు బెల్లం కుప్పపోసిన్రేమో" అనిపిస్తది. మనకు గట్ల అనిపియ్యది, ఎందుకంటే జాతర మనకు ఎరుకే. మాట ఏ జాగల నిలవడి ఉన్నదో చూసి మనం అర్థం తీసుకుంటం.

ఇదంతా మాటల ఆట అనుకునేరు. అంగన్‌వాడీకి పోతే ఇదే లెక్క. రెండేండ్ల లోపు పిల్లలను పండవెట్టి కొలుస్తరు, దాన్ని పొడుగంటరు. రెండేండ్లు దాటినోళ్లను నిలవెట్టి కొలుస్తరు, దాన్ని ఎత్తంటరు. రెండు ఒక్కటే అనుకుంటం గని కాదు. ఒకే బిడ్డను పండవెట్టి కొలిస్తే నిలవెట్టినప్పటి కన్న దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తది. నిలవడ్డప్పుడు ఒంటి బరువు కిందికి గుంజుతది. అందుకే రెండేండ్లు దాటిన బిడ్డను పండవెట్టి కొలిస్తే 0.7 తీసెయ్యాలె, రెండేండ్ల లోపు బిడ్డను నిలవెట్టి కొలిస్తే 0.7 కలపాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క పెట్టింది.

మొదటిది: దేని పక్కకు?

అంగన్‌వాడీ ముచ్చటనే ఇంకొంచెం ముందుకు తీస్కపోదాం. ఒక పిలగాడు 85 సెంటీమీటర్లు ఉన్నడు. పొడుగా, పొట్టా? వయసు చెప్పకుంటె జవాబు లేదు. రెండేండ్లోడైతే మంచిగనే ఉన్నడు. నాలుగేండ్లోడైతే వయసుకు తగ్గ ఎత్తు లేదు, ఏండ్ల సంది తిండి సక్కగ అందుతలేదని అర్థం. 2019–21ల జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణల అయిదేండ్ల లోపు పిల్లల్ల 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేల్చింది. ముగ్గుర్ల ఒకరు. "మా ఇంట్ల అందరం పొట్టోళ్లమే, వీడు సుత గంతే" అని తల్లిదండ్రులు తీసేస్తుంటరు. వాళ్లు బిడ్డను ఇంట్లోళ్ల పక్కకు పెట్టి చూస్తున్నరు. టీచరమ్మ అదే వయసు పిల్లల పక్కకు పెట్టి చూస్తున్నది. ఎవలి పక్కకు పెట్టినమన్న దాన్ని బట్టి ఆ బిడ్డకు గుడ్డు, పాలు అందుడా, అందకపోవుడా అనేది ఉంటది.

ఏ చెట్టూ లేని జాగల ఆముదం చెట్టే మహావృక్షం అని మనోళ్లు ఊకెనే అనలే. ఖైరతాబాద్ గణపతిని చూడుండ్రి. 1954ల ఒక్క ఫీటుతోని మొదలువెట్టిన్రు. 2024ల 70 ఏండ్లయినయని 70 ఫీట్లు పెట్టిన్రు. నడుమ 2020ల కరోనా వచ్చినప్పుడు 9 ఫీట్లే పెట్టిన్రు. ఆ ఏడు ఎవలను అడిగినా "ఈసారి చిన్న గణపతి" అన్నరు. మా ఊర్ల 9 ఫీట్ల గణపతిని పెడితే ట్రాక్టర్ మీద తేవాలె, కరెంటు వైర్లు పైకి లేపాలె, పక్క ఊరోళ్లు చూడ రావాలె. అదే 9 ఫీట్లు ఖైరతాబాద్‌ల చిన్నగ, మా ఊర్ల పెద్దగ.

రెండోది: ఎక్కడికెల్లి?

వానకాలం వచ్చిందంటె వార్తల్ల అడుగులే అడుగులు. నాగార్జునసాగర్ 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు, శ్రీరాంసాగర్ 1091 అడుగులు. ఇవన్నీ ఆ ప్రాజెక్టులు నిండినప్పటి మట్టాలు. మా దోస్తు ఒకడు చానా ఏండ్లు "శ్రీరాంసాగర్‌ల నీళ్లు సాగర్ కన్న రెట్టింపు లోతుంటయి" అనుకున్నడు. అంకెలు చూస్తే ఎవలికైనా గట్లనే అనిపిస్తది.

ఆ అడుగులు నీళ్ల లోతు కాదు. సముద్ర మట్టానికెల్లి కొలిచిన ఎత్తు. శ్రీరాంసాగర్ ఉన్న నిజామాబాద్ నేలనే సముద్రానికి వెయ్యి అడుగుల దాకా మీదున్నది. దాని ఆనకట్ట 150 అడుగుల ఎత్తు సుత దాటదు. నాగార్జునసాగర్ ఆనకట్ట అయితే పునాదికెల్లి 124 మీటర్లు, అంటె 400 అడుగుల పైనే. అంకెల శ్రీరాంసాగర్ పెద్దది, కట్టల సాగర్ పెద్దది. మన హుస్సేన్‌సాగర్ సుత గంతే. "ఫుల్ ట్యాంక్ లెవెల్ 513.41 మీటర్లు" అని టీవీల వస్తది. అర కిలోమీటర్ లోతు చెరువు నడి పట్నంల ఉన్నదా? లేదు. అది సుత సముద్రానికెల్లి కొలిచిందే.

గోదావరి కాడ అయితే ఈ ముచ్చట పానాలతోని చెలగాటం. భద్రాచలం కాడ నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తరు. అదే గోదావరి కింద ధవళేశ్వరం బ్యారేజీ కాడికి పోయినంక 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఒకే నది, ఒకే వరద. ఒక జాగ కాడ 17 అడుగులంటె ఏమీ కాదు, ఇంకో జాగ కాడ మూడో హెచ్చరికకు అడుగు దూరం లేదు. ఎందుకంటే ఒక్కో కాడ కొలబద్ద మీద సున్నా ఒక్కో తీరు పెట్టిన్రు. అది సముద్రానికెల్లి కొలిచింది కాదు, ఆ జాగ లెక్క.

భద్రాచలంల 1986 ఆగస్టుల 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైల 71.3 అడుగులు వచ్చింది. అక్కడి ముసలోళ్లకు ఆ అంకెలు అడుగులు కావు. ఏ వీధిదాంక నీళ్లొచ్చినయి, ఏ గుడి మెట్టు మునిగింది అనేదే వాళ్ల లెక్క. నదికి దూరంగ ఉన్నోళ్లు వాట్సాప్‌ల "ఇంకా 17 అడుగులే, ఏం గాదు" అని పంపుతుంటరు. ఏ ఊరి 17 అని చెప్పకుంట పంపిన ఆ మెసేజ్ నమ్మి ఇంట్లనే కూసునేటోళ్లు సుత ఉంటరు. అంకె ముందుకు పంపేటప్పుడు ఊరి పేరు, హెచ్చరిక అంకె సుత పంపుండ్రి. మన చేతిల ఉన్న చిన్న పని అది.

మా బోయిన్‌పల్లి పక్కనే బేగంపేట విమానాశ్రయం ఉన్నది. విమానాశ్రయాల చుట్టుపక్కల బిల్డింగ్ లేపాలంటె ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే ఎన్‌ఓసీల "పై కొస ఇంత దాటొద్దు" అని సముద్ర మట్టానికెల్లి రాస్తరు. లెక్క కోసం 560 మీటర్లు అనుకుందాం. నేల 530 మీటర్ల కాడ ఉన్నోడు 30 మీటర్ల బిల్డింగ్ కట్టుకోవచ్చు. పక్కనే దిబ్బ మీద, 545 మీటర్ల కాడ జాగ ఉన్నోడు 15 మీటర్లే కట్టుకోవాలె. "వానికి పది అంతస్తులు ఇచ్చిన్రు, నాకు అయిదే ఇచ్చిన్రు" అని కొట్లాడితే లాభం లేదు. విమానానికి అంతస్తులతోని పని లేదు, కొస ఎక్కడున్నదన్నదే దానికి కావాలె.

పరుగుల గ్రౌండ్‌ల ఉన్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. లాంగ్ జంప్‌ల మీరు ఎంత దూరం ఎగిరిన్రన్నది కాలు ఎక్కడ పడ్డదాన్ని బట్టి ఉండది. టేకాఫ్ గీతకెల్లి, ఇసుకల మీ ఒంటితోని పడ్డ గుర్తుల్ల ఏది దగ్గరుంటె దాన్ని కొలుస్తరు. కాళ్లు 4 మీటర్లు దాటినా, వెనుకకు ఒరిగి చెయ్యి పెట్టిన్రనుకో, ఆ చెయ్యి కాడికే మీ జంప్. అందుకే దునికినంక ముందుకు పడుడు నేర్చుకోవాలె.

మూడోది: ఏ లెక్కన?

నా స్కర్టింగ్ కథ ఈ ప్రశ్న కిందికే వస్తది. ఫీటు అనే ఒక్క మాట పట్నంల మూడు తీర్ల నడుస్తది. ప్లంబర్ పైపు వేస్తే రన్నింగ్ ఫీటు, ఉట్టి పొడుగే. టైల్స్, పెయింటింగ్, ఫ్లాట్ కిరాయి కాడ స్క్వేర్ ఫీటు, పొడుగును వెడల్పుతోని గుణించాలె. కట్టె అడితికి పోతే టేకు "ఫీటు ఇంత" అంటరు. అక్కడ ఫీటంటె క్యూబిక్ ఫీటు, పొడుగు, వెడల్పు, మందం మూడు గుణించాలె. ఊరికెల్లి వచ్చినోడు "తలుపు ఏడు ఫీట్లు, ఫీటు రేటు ఇంత" అని జేబుల పైసలు లెక్కవెట్టుకోని పోతే అడితి కాడ మొకం తెల్లవోతది.

గజం సుత గంతే. చీర ఆరు గజాలు అంటె పొడుగు. పాతకాలం బాయి ఇరవై గజాలు అంటె లోతు. బోయిన్‌పల్లిల ఇల్లు వంద గజాలు అంటె చదరపు గజాలు. "చదరపు" అనే మాట నోట్లకెల్లి ఎన్నడో జారిపోయింది, ఎవలికీ యాదికి రాదు. ఊర్ల మనకు గుంటల లెక్క ఎరుక, పట్నంల గజాల లెక్క. గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 40 గుంటలు, అంటె 4,840 గజాలు. హైవే పక్కన పొలం అమ్ముకునేటోళ్లకు ఈ లెక్క నోటికి రావాలె. ఎకరం లెక్కన కొన్న జాగను గజాల లెక్కన అమ్ముతరు. రోడ్లకు, పార్కులకు పోయేది తీసేసినా, ఎకరం అనంగ ఎంత, గజం అనంగ ఎంత అని పక్కపక్కకు రాసుకుంటె నడుమ ఎవలికి ఎంత మిగులుతున్నదో కండ్లకు కనవడ్తది.

మూర ఎవలి చేతిది?

పూలమ్మే అక్క మూర కొలుస్తది. మోచేతికెల్లి ఏలి కొసదాంక ఒక మూర. ఆ అక్క చెయ్యి పొట్టిగుంటె మన మూర పొట్టి. "నా చేతితోని కొలువక్కా" అని ఎన్నడన్న అడిగినమా? అడగం. అమ్మేటోళ్ల చెయ్యే లెక్క. పూల కాడ రెండు పువ్వులు తక్కువొస్తే ఏం గాదు. నౌకరి కాడ గట్ల కాదు.

మా రూముల పొంటి పోలీస్ ఉద్యోగాలకు తయారయ్యే పిలగాళ్లు చానామంది ఉంటరు. తెలంగాణ పోలీస్ 2022 నోటిఫికేషన్ల మగోళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 152.5 సెంటీమీటర్లు ఉండాలె అని పెట్టిన్రు. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులకు 160, 150. ఆర్మీల జనరల్ డ్యూటీ సిపాయికి తెలంగాణ, ఆంధ్ర పిలగాళ్లు 166 సెంటీమీటర్లు ఉంటె సాలు. అదే ఆర్మీల పంజాబ్, హర్యానా పిలగాళ్లు 170 ఉండాలె.

ఇప్పుడు 166.5 సెంటీమీటర్లున్న మన తమ్ముడిని తీసుకోండ్రి. ఆర్మీ గీత కాడ సరిపోయిండు. పోలీస్ గీత కాడ పొట్టోడైండు. అదే పిలగాడు హర్యానాల పుడితే ఆర్మీకి సుత పొట్టోడే. ఆయన కాళ్లు మారలే, గీతలు మారినయి. ఆ 167.6 ఎక్కడిదనుకున్నరు? అయిదు ఫీట్ల ఆరంగుళాలను సెంటీమీటర్ల చేస్తే 167.64 వస్తది. అయిదు ఫీట్లను చేస్తే 152.4. అంటె ఫీట్ల ముచ్చటే సెంటీమీటర్ల అంగి తొడుక్కున్నది. మనిషి ఒంట్ల 167.6 కాడ బలం పుట్టి 167.5 కాడ ఆగిపోతదా? ఎక్కడో ఒక కాడ గీత గియ్యాలె, అందుకే గీసిన్రు. గీత వద్దని నేను అనను. అది మనుషులు గీసిన గీత అని మర్చిపోవద్దంటున్న.

గీత గీసినోళ్లు సుత ఒక్కోసారి మళ్ల చూస్తరు. ఒక సెంటీమీటర్ గాని, అంతకన్న తక్కువ గాని ఎత్తు తక్కువ పడి పోయిన అభ్యర్థులకు 2023 ఫిబ్రవరిల నియామక మండలి మళ్ల కొలతలకు వచ్చే వీలు ఇచ్చింది. సెంటీమీటర్ అంటె చిన్నదే. గని మనిషి ఎత్తు పొద్దుగాల లేసినప్పుడు ఉన్నంత పొద్దుమూకే వరకు ఉండది. పొద్దంత నిలవడి, బరువులు మోసి, ఎన్నుపూసల నడుమ ఉన్న మెత్తటి బిళ్లలు అణుగుతయి. సెంటీమీటర్ దాకా తగ్గొచ్చు. గీత అంచు మీదున్న తమ్ముళ్లు కొలతల పొద్దున బాగ నిద్రవోయి లేసి పోవాలె. ముందు రాత్రి బస్సుల నిలవడి ప్రయాణం చేసి పోవద్దు. మడిమెలు, వీపు గోడకు ఆనిచ్చి సక్కగ నిలవడాలె. ఇది మోసం కాదు, ఉన్న ఎత్తును ఉన్నట్టు చూపిచ్చుడే.

గీత కాడ ఆగిపోయినోళ్లకు నేను చెప్పేది ఒకటే. నువ్వు పొట్టోడివి కాదు, ఆ ఒక్క నౌకరి గీతకు తక్కువ పడ్డవ్. ఈ రెండు మాటలకు మస్తు ఫరక్ ఉన్నది. పొట్టోన్ని పొడుగోడు కొడితే పొడుగోన్ని పోచమ్మ కొట్టింది అని సామెత. ఎవలి మీద ఎవలున్నరన్నది ఎక్కడ నిలవడి చూస్తున్నమో దాన్ని బట్టి ఉంటది.

కాయితం మీద రాయించుకోండ్రి

ఇప్పుడు నేను సుత నలుగురు పిలగాళ్లను పెట్టుకోని గుత్తకు పని పడ్త. నోటి మాట మీద పని మొదలువెట్టను. చిన్న నోటుబుక్కుల మూడు గళ్లు గీస్త. ఏం పని, ఏ ఫీటు, ఎక్కడికెల్లి ఎక్కడిదాంక. ఫ్లోరింగ్‌కు ఎదురుంగ "స్క్వేర్", స్కర్టింగ్‌కు ఎదురుంగ "రన్నింగ్" అని తెలుగుల రాసి ఇంటాయన సంతకం తీసుకుంట. గోడకు టైల్స్ అయితే నేలకెల్లి కొలుస్తరా, స్కర్టింగ్ మీదికెల్లి కొలుస్తరా, కిటికీ జాగ తీసేస్తరా అని సుత రాస్త. మొదట్ల కొందరు "ఇంత చిన్నదానికి ఇంత రాతనా?" అని నవ్విన్రు. ఇప్పుడు వాళ్లే పక్కింటాయనకు నా నంబర్ ఇస్తున్నరు, ఎందుకంటే బిల్లు కాడ లొల్లి ఉండది.

ఈ మూడు ప్రశ్నలు అడగనీకె పెద్ద సదువు అక్కర్లేదు, నామోషీ పడకుంటె సాలు. ఊరికెల్లి వచ్చినోళ్లం మనం ఎక్కువ పోగొట్టుకునేది ఈ నామోషీ తోనే. "ఇది సుత తెల్వదా" అంటరేమో అని తలూపుతం. ఆనాడు నేను తలూపిన ఒక్క ఊపు ఖరీదు 3,600.

మొన్న మా కాడికి మెదక్ దిక్కుకెల్లి ఒక కొత్త పిలగాడు వచ్చిండు, ఇంటర్ అయింది. మొదటి రోజు పని చూపిచ్చి, "ఫీటుకు ఇంత ఇస్త" అన్న. వాడు టేపు చేతిల పట్టుకోని ఒక్క నిమిషం నా మొకం చూసిండు. "ఏ ఫీటు అన్నా?" అన్నడు. మిగిలినోళ్లు నవ్విన్రు. నేను నోటుబుక్కు తీసిన.